నడుస్తున్న యంత్రానికి మరమ్మతు ఎందుకు?

పిల్లలూ! మీకు ఒక ప్రశ్న. ఇంట్లో గోడగడియారం చక్కగా నడుస్తున్నది. వేళ తప్పటం లేదు. అయినా ఒక మనిషి వచ్చి, "దీన్ని కాసేపు ఆపి, విప్పి, బాగుచేయాలి" అన్నాడనుకోండి. మీరేమంటారు? "బాగా నడుస్తుంటే ముట్టుకోవటం దేనికి?" అంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అనేవాణ్ణి. ఆ మాట మూలాన ఒకనాడు పదకొండుమంది పిల్లలకు ఎంత ముప్పు వచ్చిందో చెపుతాను. కాని అది అర్థం కావాలంటే ముందు మనం ఒక చోటికి వెళ్ళి రావాలి.

నేను వుండేది హైదరాబాదులో, హిమాయత్‌నగర్‌లో. సాయంత్రం నడకకు బయలుదేరితే బషీర్‌బాగ్ మీదుగా అబిడ్స్ దాకా పోతాను. అక్కడ చౌరస్తా దగ్గర పెద్ద తపాలా ఆఫీసు వున్నది. దాన్ని జి.పి.ఓ. అంటారు. ఇటువంటి తపాలా ఆఫీసుల్లో ఉత్తరాలను వేరుచేసే ఉద్యోగి పని ఎట్లా వుంటుందో ఊహించండి. అతని ఎదుట పావురాల గూళ్ళవంటి అరలు వుంటాయి. ఒక్కొక్క అర ఒక్కొక్క పేటకు. అతను ఉత్తరం తీస్తాడు, చిరునామా చూస్తాడు, సరి అయిన అరలో పడేస్తాడు. ఉత్తరంలో ఏమి వ్రాసి వున్నదో అతనికి అక్కరలేదు. చిరునామా ఒక్కటే కావాలి.

సరిగ్గా ఇదే పని చేసే యంత్రం ఒకటి మీ బడిలోనూ, బాంకులోనూ, ఆసుపత్రిలోనూ, నాంపల్లి స్టేషనువంటి పెద్ద రైల్వే స్టేషన్లలోనూ వుంటుంది. దాని పేరు నెట్‌వర్క్ స్విచ్.

స్విచ్ అనగానే గోడమీద దీపం వెలిగించే మీట అనుకోకండి. ఇది చపటగా, పొడుగ్గా వుండే ఇనుపపెట్టె. ముందువైపున ఇరవైనాలుగో, నలభైయెనిమిదో రంధ్రాలుంటాయి. ఒక్కొక్క రంధ్రంలోనుంచి ఒక తీగ బయలుదేరి ఒక్కొక్క కంప్యూటరుకు పోతుంది. ప్రతి రంధ్రం దగ్గరా మిణుగురు పురుగులాగా చిన్న దీపం మిణుకుమంటూ వుంటుంది. ఒక కంప్యూటరు మరొక కంప్యూటరుకు ఏదైనా పంపితే, అది చిన్నచిన్న పొట్లాలుగా విడిపోయి ఈ పెట్టెకు వస్తుంది. పెట్టె ప్రతి పొట్లం మీదా చిరునామా చూచి, సరి అయిన రంధ్రం గుండా బయటికి పంపుతుంది.

మరి ఏ కంప్యూటరు ఏ రంధ్రం దగ్గర వున్నదో దానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పరు. అదే నేర్చుకుంటుంది! ప్రతి పొట్లం మీదా పంపినవారి చిరునామా కూడా వుంటుంది. "ఓహో, ఈ చిరునామా వారు ఏడో రంధ్రం దగ్గర వున్నారన్నమాట" అని అది తన పట్టీలో వ్రాసుకుంటుంది. తెలియని చిరునామా వస్తే అన్ని రంధ్రాలకూ పంపి, జవాబు ఎటునుంచి వస్తుందో చూచి నేర్చుకుంటుంది. ఒకరి దగ్గరనుంచి చాలాసేపు, మామూలుగా అయిదు నిమిషాలు, ఏ పొట్లమూ రాకపోతే ఆ పేరు కొట్టేస్తుంది. మంచి విద్యార్థి కదూ!

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఈ రకం స్విచ్‌ను 1990లో మొట్టమొదట అమ్మకానికి తెచ్చిన కంపెనీ అమెరికాలోనిది. కాని దాని పేరు మాత్రం మన పేరు. "కల్పన"! ఆ కంపెనీ పెట్టినవారిలో ఒకరు వినోద్ భరద్వాజ్ అనే భారతీయుడు. ఆయన తన భార్య పేరే కంపెనీకి పెట్టారు. మొదటి పెట్టెకు ఏడే రంధ్రాలు. 1994లో సిస్కో అనే పెద్ద కంపెనీ దాన్ని కొనివేసింది.

పెట్టె ఒకటే, పద్ధతి వేరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ ఇనుపపెట్టెకు ఇంత తెలివి ఎక్కడిది? దానిలో వ్రాసిపెట్టిన సూచనల వల్ల వచ్చింది. "పొట్లం రాగానే ఇది చెయ్యి, చిరునామా తెలియకపోతే అది చెయ్యి" అని మనుషులు ముందే వ్రాసిపెడతారు. ఆ సూచనల మొత్తాన్నే సాఫ్ట్‌వేర్ అంటారు. పెట్టెను మార్చకుండా దానిలోని సూచనలను మార్చవచ్చు. అట్లా మార్చటానికే అప్‌డేట్ అని పేరు.

దీనికి మన తపాలాలోనే చక్కని ఉదాహరణ వున్నది. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్‌కోడు వచ్చింది. అబిడ్స్ జి.పి.ఓ.కు 500001, మా హిమాయత్‌నగర్‌కు 500029. మొదటి అంకె 5 అంటే మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వుండే మండలం. మొదటి మూడు అంకెలూ కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా. చివరి మూడంకెలూ ఉత్తరం అందించే తపాలా ఆఫీసు. ఒకే పేరుగల ఊళ్ళు దేశంలో ఎన్నో వుంటాయి. చిరునామా వ్రాసే భాషలూ ఎన్నో. పిన్‌కోడు వచ్చాక ఆ తికమక తగ్గింది. చూడండి: గదులు పాతవే, అరలు పాతవే, ఉద్యోగులూ పాతవారే. మారింది పద్ధతి ఒక్కటే. తపాలా శాఖ తన సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నదన్నమాట!

అప్‌డేట్‌లు రెండు విధాలు. ఒకటి మరమ్మతు. సూచనలు వ్రాసినవారు మనుషులే గనక తప్పులు దొర్లుతాయి. "నూరు రోజులు ఆగకుండా నడిస్తే ఈ పెట్టె జ్ఞాపకం నిండిపోతున్నది", "ఈ వంకర పొట్లం వస్తే మూర్ఛపోతున్నది" వంటివి వాడకంలో బయటపడతాయి. అప్పుడు తప్పు దిద్దిన సూచనలు పంపుతారు.

రెండవది కొత్త సౌకర్యం. ఉదాహరణకు, ఒకే పెట్టెను లోపల గోడలు కట్టినట్లుగా భాగాలు చేయవచ్చు. పిల్లల కంప్యూటర్లు ఒక భాగంలో, ఆఫీసు కంప్యూటర్లు ఇంకొక భాగంలో వుంటాయి. పిల్లలు ఆడుకునే ఆటలు ఫీజుల లెక్కల దగ్గరికి పోలేవు. ఈ పద్ధతికి 1998లో ప్రపంచమంతటికీ ఒకే నియమావళి ఏర్పడింది. అట్లాగే, ఒక తీగ తెగితే వేరే దారి వెతుక్కోవటానికి పాత స్విచ్‌లకు ముప్పై నుంచి యాభై సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన కొత్త పద్ధతి వల్ల ఆ పని కొద్ది సెకన్లలోనే అవుతున్నది.

అయితే ఒక మాట. అప్‌డేట్ మంత్రదండం కాదు. తీగలోనుంచే కెమెరాకు విద్యుత్తు అందించే ఏర్పాటు పెట్టె తయారు చేసినప్పుడే లేకపోతే, ఎన్ని సూచనలు మార్చినా అది రాదు. పలకమీద ఎంత మంచి పద్యం వ్రాసినా పలక వీణ కాదు గదా!

పదకొండు దరఖాస్తులు

ఇక నా కథ వినండి. నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన రోజుల్లో, మా బడిలో కంప్యూటర్ల గదికీ ఆఫీసుకూ కలిపి ఒకటే స్విచ్ వుండేది. ఒక యువకుడు ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూచి పోయేవాడు. వచ్చినప్పుడల్లా, "సార్, దీనికి అప్‌డేట్ వేయాలి. ఒక గంట ఆపుకుందాం" అనేవాడు. నేను, "బాగానే నడుస్తున్నది కద నాయనా! సెలవుల్లో చూద్దాం" అనేవాణ్ణి. సెలవులు వచ్చేవి, పోయేవి.

ఆ ఏడు ఎనిమిదో తరగతిలో పదకొండుమంది పిల్లలు స్కాలర్‌షిప్ పరీక్షకు సిద్ధమయ్యారు. దానిలో నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తులు కంప్యూటరు ద్వారానే పంపాలి. ధ్రువపత్రాలన్నీ చేతికి వచ్చేసరికి ఆఖరి రోజు రానే వచ్చింది.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆఫీసులో కంప్యూటరు ఆగిపోయింది. పోయి చూస్తే స్విచ్ మీద దీపాలన్నీ పిచ్చెత్తినట్లు ఒకేసారి మిణుకుమంటున్నాయి. ఆపి మళ్ళీ వేశాం. ఒక్క నిమిషం బాగుంది, మళ్ళీ అదే పిచ్చి. ఆ యువకుడికి ఫోను చేస్తే ఎక్కడో ఊరి చివర వున్నాడు. సాయంత్రమైంది. పదకొండుమందిలో ఒక అమ్మాయి తల్లి నాలుగు ఇళ్ళలో వంట చేసి బిడ్డను చదివిస్తున్నది. ఆవిడ గేటు దగ్గర నిలబడి, "పోయిందా సారూ?" అని అడుగుతూ వున్నది. "ఇంకా లేదమ్మా" అని చెప్పటానికి నాకు నోరు రాలేదు.

ఏడున్నరకు ఆ యువకుడు వచ్చాడు. తీగలన్నీ వరసగా చూచి, ఒక తీగ చూపించాడు. దాని రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చి వున్నాయి! ఎవరో పిల్లవాడు, కొస ఊరకే వేలాడుతుంటే చక్కగా సర్దుదామనుకుని దొరికిన రంధ్రంలో గుచ్చాడు. అంతే. "అందరికీ" అని వ్రాసిన పొట్లం ఒక రంధ్రంలోనుంచి బయటికి పోయి, మరొక రంధ్రంలోనుంచి తిరిగి వస్తుంది. అది కూడా అందరికీ అనే కదా! స్విచ్ మళ్ళీ పంపుతుంది. మళ్ళీ వస్తుంది. గానుగెద్దులాగా తిరుగుతూ, తిరిగినకొద్దీ పెరుగుతూ, ఒక సెకనులో వేలకొద్దీ పొట్లాలై తీగలన్నిటినీ నింపేస్తాయి. ఇక మన దరఖాస్తుకు దారెక్కడిది?

తీగ పీకగానే ఒక్క నిమిషంలో అంతా బాగుపడింది. అప్పుడు ఆ యువకుడు మెల్లగా అన్నాడు: "సార్, ఇట్లా చుట్టు పడితే కనిపెట్టి ఆ రంధ్రాన్ని మూసేసే సౌకర్యం ఈ పెట్టెకు మూడేళ్ళ కిందటి అప్‌డేట్‌లోనే వచ్చింది. మనం వేయలేదు."

నిజానికి ఈ చుట్టు సంగతి కొత్తది కాదు. రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 1985 నాటికే దీనికి ఉపాయం కనిపెట్టారు. తీగలన్నీ కలిసి వలలాగా వున్నా, స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని చెట్టుకొమ్మల ఆకారం ఏర్పరుచుకుంటాయి. చెట్టుకు కొమ్మలుంటాయి గాని చుట్టు వుండదు. ఒక కొమ్మనుంచి ఇంకొక కొమ్మకు ఒకే దారి. చుట్టు తెచ్చే తీగలను ప్రస్తుతానికి మూసివుంచి, ఏదైనా తీగ తెగితే అప్పుడు తెరుస్తాయి. పెద్ద స్విచ్‌లలో ఇది ఎప్పటినుంచో వున్నది. మా బడిలోని చవక స్విచ్‌కు మాత్రం దాని చెల్లెలివంటి చిన్న సౌకర్యం తరువాత వచ్చింది. వచ్చి, నా అనుమతి కోసం మూడేళ్ళు వాకిట్లో నిలబడింది.

ఆ రాత్రి మా గుమాస్తా కదలకుండా కూర్చుని ఒక్కొక్క దరఖాస్తూ పంపాడు. దేశమంతా ఆఖరి రోజున పంపేవారే గనక నెమ్మదిగా పోయినవి. పదకొండోది పోయేసరికి పదకొండు గంటల నలభై నిమిషాలు! ఆ తల్లి అప్పటిదాకా బెంచీమీద కూర్చునే వున్నది.

మరునాడు ఆ పిల్లవాడు ఏడుస్తూ వచ్చి తానే తీగ గుచ్చానని చెప్పాడు. "నీ తప్పు కాదు నాయనా, నాది" అన్నాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు.

తలుపు తెరచి వుంచితే

నా అశ్రద్ధ వల్ల వచ్చింది ఒక బడి కష్టం. ఇదే పెద్ద ఎత్తున జరిగితే ఎట్లా వుంటుందో చూడండి. సిస్కో స్విచ్‌లలో దూరంనుంచే కొత్త పెట్టెను సిద్ధం చేసే సౌకర్యం ఒకటి వుండేది. పని తేలిక కావటానికి పెట్టిందే. కాని పనయ్యాక దాన్ని మూయకపోతే, వీధి తలుపు తెరచి పడుకున్నట్లే. అవసరం లేకపోతే ఆపివేయమని కంపెనీ 2017లోనే హెచ్చరించింది. దానిలోని ఒక లోపాన్ని దిద్దే అప్‌డేట్‌ను 2018 మార్చి 28న ఇచ్చింది. తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 6న, దుండగులు తెరచివున్న ఆ తలుపుల గుండా జొరబడి, స్విచ్‌లలోని ఏర్పాట్లను చెరిపేశారు. ప్రపంచం మీద 2 లక్షల పెట్టెలు దెబ్బతిన్నాయని, తమ దేశంలోనే 3,500 అని ఇరాన్ ప్రభుత్వం ప్రకటించింది. హెచ్చరిక విని తలుపు మూసినవారికి మాత్రం ఏమీ కాలేదు.

తొందరపడినా ముప్పే

"అయితే అప్‌డేట్ రాగానే వేసేస్తే సరి!" అంటారేమో. ఆగండి. మందు మంచిదే కాని, మందు సీసాలోనే తప్పు వుంటే?

1990 జనవరి 15న అమెరికాలో ఏ.టి. అండ్ టి. అనే టెలిఫోను కంపెనీకి అదే జరిగింది. అంతకు నెల కిందట ఆ కంపెనీ తన 114 పెద్ద స్విచ్‌లలో కొత్త సూచనలు వేసింది. వాటిలో ఒక్కచోట ఒక చిన్న మాట తప్పుగా పడింది. ఆ రోజు ఒక స్విచ్ కాసేపు ఆగి, మళ్ళీ లేచి, "నేను బాగున్నాను" అని పక్కవాటికి కబురు చేసింది. ఆ కబురు అందుకుంటున్న క్షణంలోనే రెండో కబురు రావటంతో, తప్పు సూచన వల్ల పక్క స్విచ్ తికమకపడి తానూ ఆగింది. అది లేచి "నేను బాగున్నాను" అనగానే దాని పక్కది పడింది. ఇట్లా ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ తొమ్మిది గంటలు గడిచాయి. ఆ కంపెనీ దూరపు కాల్స్‌లో సగం దాకా కలవలేదు. చివరకు ఇంజనీర్లు స్విచ్‌ల మధ్య కబుర్ల రద్దీ తగ్గించి వాటిని నిలబెట్టారు.

ఇది పాత సంగతి, దూరదేశపు సంగతి అనుకోకండి. 2024 జూలై 19న, మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ కంప్యూటర్లను కాపాడే తన సాఫ్ట్‌వేర్‌కు ఒక అప్‌డేట్ పంపింది. అది స్విచ్‌లకు కాదు, మామూలు కంప్యూటర్లకు. దానిలో తప్పు వున్నది. గంటా పద్దెనిమిది నిమిషాల్లో తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకున్నారు. కాని అప్పటికే ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలిరంగు తెర చూపి కూలబడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కంప్యూటర్లు పడిపోయిన రోజున పాతకాలపు కలమే విమానం ఎక్కించింది!

కనక పిల్లలూ, వేయకపోవటం తప్పు, చూడకుండా వేయటమూ తప్పే. తెలిసినవారు ఈ పని ఎట్లా చేస్తారో మా యువకుడు తరువాత నాకు నేర్పాడు. ముందుగా అప్‌డేట్‌తో వచ్చే కాగితం చదవాలి. ఏ తప్పు దిద్దారో, ఏ కొత్త సౌకర్యం పెట్టారో, ఇంకా ఏ లోపం మిగిలివున్నదో దానిలో వుంటుంది. అది నిజంగా ఆ కంపెనీ పంపిందేనా అని ముద్ర చూడాలి. వెనకటి రోజుల్లో ఉత్తరం మీద లక్కముద్ర చూచేవారు. ఇప్పుడు లెక్కలతో వేసిన ముద్రను యంత్రమే సరిచూస్తుంది. స్విచ్‌లోని ఇప్పటి ఏర్పాట్లను వేరేచోట నకలు వ్రాసి దాచాలి. పది స్విచ్‌లుంటే ముందు ఒక్కదానికే వేసి, కొన్ని రోజులు చూచి, తరువాత తక్కినవాటికి వేయాలి. ఎవరికీ పనిలేని రాత్రివేళ చేయాలి. ఎందుకంటే పెట్టె ఆగి మళ్ళీ లేవటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కొన్ని స్విచ్‌లలో రెండు అరలుంటాయి. కొత్త సూచనలను ఒక అరలో పెట్టి, పాతవాటిని రెండో అరలో వుంచుతారు. కొత్తది మొరాయిస్తే పాతదానితో మళ్ళీ లేపవచ్చు. దిగటానికి నిచ్చెన చూచుకోకుండా అటక ఎక్కరాదు గదా!

ఆ తరువాత మా బడిలో గోడకు ఒక అట్ట తగిలించాం. ఏ రోజున ఏ అప్‌డేట్ వేశామో, ఎవరు వేశారో దానిమీద వ్రాసేవాళ్ళం. తీగ గుచ్చిన ఆ పిల్లవాడికే అట్టమీద వ్రాసే పని అప్పగించాను. నేను పదవీ విరమణ చేసేదాకా ఒక్కసారి కూడా అతను మరచిపోలేదు.

ఇప్పుడు మీకొక చిన్న పని. మీ బడిలో స్విచ్ ఎక్కడ వున్నదో అడిగి చూడండి. చేతితో ముట్టుకోవద్దు, దాని దీపాలు ఎట్లా మిణుకుతున్నాయో చూస్తే చాలు. తరువాత మీ మాస్టారును వినయంగా ఒక ప్రశ్న అడగండి: "సార్, దీనికి చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు వేశారు?" వారికి జవాబు తెలిస్తే సంతోషం. తెలియకపోతే తెలుసుకుంటారు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ ఇంట్లో మూల బల్లమీద ఇంటర్నెట్ పెట్టె ఒకటి వుంటుంది. అదీ ఈ జాతిదే. దాని సంగతి ఈ ఆదివారం కనుక్కోండి. "నడుస్తున్నది కదా" అనే మాట నేను కూడా అన్నదే. ఆ మాట అనుకున్నప్పుడల్లా, రాత్రి పదకొండు గంటల నలభై నిమిషాలకు బెంచీమీద కూర్చుని వున్న ఆ తల్లి ఇప్పటికీ నా కళ్ళ ముందు కనపడుతుంది.